న్యూజెర్సీ పెరట్లో గోంగూర, చిక్కుడు జింకల పాలు కాకుండా ఉండాలంటే

మీరు అడిగింది ముందు ఒకసారి చెప్పుకుందాం, ఇదే బాధలో ఉన్న మిగతావాళ్ళకీ పనికొస్తుంది. సెంట్రల్ న్యూజెర్సీలో కొత్తగా ఇల్లు కొన్నారు, వెనక కాస్త అడవిలాంటి చెట్ల ముక్క ఉంది, మే మూడో వారంలో గోంగూర, బెండ, చిక్కుడు, టమాటా వేశారు. జూన్ మొదట్లో రెండే రెండు రాత్రుల్లో అన్నీ మోళ్ళయ్యాయి. ఎవరో చెప్తే సబ్బు ముక్కలు వేలాడదీశారు, ఇంకెవరో చెప్తే కారం నీళ్ళు చల్లారు, ఏ తేడా లేదు. ఎనిమిది అడుగుల కంచె వేద్దామంటే హెచ్‌ఓఏ (కాలనీ ఇళ్ళవాళ్ళ సంఘం) వాళ్ళు ఆరడుగులు దాటనివ్వరట. ఆ మోళ్ళు పీకేసి మళ్ళీ విత్తనాలు పెట్టాలా, ఈ ఏడాదికి వదిలేయాలా అని అడిగారు.

వదిలేయక్కర్లేదు. నేనిక్కడ పద్నాలుగేళ్ళుగా తోట వేస్తున్నాను, అందులో మొదటి మూడేళ్ళు జింకల కోసమే వేశాను అనుకోండి. ఆ మూడేళ్ళలో డబ్బా స్ప్రేల దగ్గర్నుంచి గాలికి తిరిగే గిలకల దాకా అన్నీ కొన్నాను. సూటిగా చెప్తున్నా, మన కూరగాయలకి కంచె తప్ప ఇంకోటి నిలబడి పనిచేయదు. అయితే పెరడంతటికీ కంచె అక్కర్లేదు. చిన్న మడికి చిన్న కంచె చాలు, ఆ చిన్నదవడమే మీ ఆరడుగుల రూల్లో పని జరిగేలా చేస్తుంది. ఎలాగో కింద చెప్తాను, కొంచెం ఓపిగ్గా చదవండి.

ముందు, తిన్నది జింకేనా అని తేల్చుకోండి. చాలామంది ఇక్కడే పొరబడతారు. జింకకి పైదవడ ముందు పళ్ళు ఉండవు, మన ఆవుకీ మేకకీ లేనట్టే. కింది పళ్ళకీ పైదవడ చిగుళ్ళకీ మధ్య కాడని పట్టి లాగి తెంపుతుంది కాబట్టి తెగిన చోట పీచులు పీచులుగా, చీలికలుగా ఉంటుంది. కుందేలైతే కత్తితో ఏటవాలుగా కోసినట్టు నున్నగా ఉంటుంది, అదీ నేలకి దగ్గర్లో. గ్రౌండ్‌హాగ్ అనే లావుపాటి జంతువు పట్టపగలే వచ్చి కూర్చుని మొత్తం లాగించేస్తుంది, దాని బొరియ షెడ్డు కిందో డెక్ (ఇంటి వెనక చెక్క అరుగు) కిందో కనిపిస్తుంది. మోకాలి ఎత్తు దాటిన చోట తినేసి ఉంటే అది జింకే, ఇక అనుమానం అక్కర్లేదు. తడిమట్టిలో రెండుగా చీలిన గిట్ట గుర్తు, పక్కన మేక పెంటికల్లాంటి నల్లటి ఉండలు కుప్పగా కనిపిస్తే మన అతిథే. ఇదంతా ఎందుకంటే జింకల కంచె కుందేలుని ఆపదు, కుందేలు కంచె జింకని ఆపదు. మీ ఇంటి వెనక చెట్లున్నాయి కాబట్టి మీకు రెండూ ఉండే ఉంటాయి.

ఇప్పుడు మన తోటకే ఎందుకు ఇంత గిరాకీ అంటారా? ఈ దేశంలో తోటపని సలహాలన్నీ చాలావరకు హోస్టాలు (ఆకుల అందానికి పెంచే మొక్కలు), ట్యూలిప్పులు, గులాబీల గురించి రాసినవి. ఇక్కడివాళ్ళు మొక్కని చూసి ఆనందిస్తారు, మనం మొక్కని తింటాం, అందులోనూ లేత ఆకుని తింటాం. జింకకి కావలసిందీ సరిగ్గా అదే. గోంగూర, బెండ, మందారం మూడూ ఒకే కుటుంబం, మూడింటి చిగుళ్ళూ వాటికి ఇష్టం. తోటకూర సంగతి చెప్పక్కర్లేదు, దాని చుట్టాలు ఇక్కడ కలుపు మొక్కలుగా పెరుగుతాయి, జింకలు వాటిని పుట్టినప్పట్నుంచీ తింటున్నాయి. చిక్కుడు విషయం వింటే నవ్వొస్తుంది. ఇక్కడి దక్షిణాది రాష్ట్రాల్లో వేటగాళ్ళు జింకల్ని తమ పొలాల్లోకి రప్పించడానికి లాబ్‌లాబ్ అని గింజలు కొని ఎకరాల కొద్దీ చల్లుతారు. ఆ లాబ్‌లాబ్ అంటే మన చిక్కుడే. అలసందలు కూడా అదే పనికి చల్లుతారు. అంటే వేటగాడు డబ్బులు పెట్టి వేసే ఎరని మనం ఇంటి వెనక మడి కట్టి, కంపోస్టు వేసి, నీళ్ళు పెట్టి మరీ పెంచుతున్నామన్నమాట.

కోపం వస్తుంది నిజమే, కానీ వీటి కథ తెలిస్తే కొంచెం తగ్గుతుంది. 1900 నాటికి అమెరికా మొత్తంలో ఈ తెల్లతోక జింకలు కొన్ని లక్షలే మిగిలాయి, మాంసానికీ తోళ్ళకీ అమ్ముకోవడానికి అంతగా వేటాడారు. తర్వాత చట్టాలొచ్చాయి, వేటకి లెక్కలొచ్చాయి. అప్పటికే తోడేళ్ళు, కొండ సింహాలు ఇటువైపు లేకుండా పోయాయి. అడవిని ముక్కలు చేసి ఇళ్ళు కట్టారు, ఆ ముక్కల అంచుల్లో లేత మేత, దాక్కోడానికి చెట్లు, తరిమేవాళ్ళు లేరు. ఇప్పుడు దేశం మొత్తం మీద కోట్లలో ఉన్నాయి. మీ సబ్‌డివిజన్, అంటే మీ ఇళ్ళ కాలనీ, వాటికి కట్టించి ఇచ్చిన ఇల్లు. ఒక పెద్ద జింక రోజుకి రెండు మూడు కిలోల మేత తింటుంది. మీ పాతిక గోంగూర మొక్కలు దానికి ఒక పూట చిరుతిండి, అదీ గబగబా మింగేసి చెట్లలోకి పోయి తీరిగ్గా నెమరేసుకుంటుంది.

సబ్బు, జుట్టు, కారం గురించి. సబ్బు అస్సలు పనిచేయదని అనను, దాని వాసన మహా అయితే ఒక గజం దూరం పనిచేస్తుంది. అంటే గజానికొక సబ్బు కట్టాలి, వాన పడినప్పుడల్లా కరుగుతుంటే మార్చాలి. పెరట్లోకి వస్తే తోటలా కాదు, బాత్‌రూమ్ దుకాణంలా ఉంటుంది. మంగలి షాపు నుంచి జుట్టు తెచ్చి చల్లడం కూడా అంతే, మొదటి వారం బాగానే ఉంటుంది. మనకి వినపడని శబ్దంతో బెదిరిస్తామనే అల్ట్రాసౌండ్ పెట్టెల మీద డబ్బులు తగలేయకండి.

స్ప్రేలలో కాస్త పని చేసేది కుళ్ళిన గుడ్డు వాసన ఉన్నది. కొట్లో దొరికే డబ్బా మీద పదార్థాల వరుసలో గుడ్డు పొడి ముందు ఉంటే అదే. ఇంట్లోనూ చేసుకోవచ్చు, ఒక పాలు గుడ్డుకి నాలుగు పాళ్ళ నీళ్ళు, సొనకి అంటుకున్న తెల్లటి దారంలాంటిది తీసేసి గిలక్కొట్టి వడకట్టాలి, లేకపోతే స్ప్రే మూతి పూడుకుపోతుంది. నెలకోసారి మళ్ళీ కొట్టాలి, పెద్ద వాన పడితే ఇంకా ముందే. కొత్తగా వచ్చిన చిగురుకి ఆ వాసన ఉండదు కాబట్టి పెరిగే కాలంలో ఇంకా తరచుగా కొట్టాలి. గులాబీకి, మందారానికి, పండ్ల మొక్కకి కాయలు లేనప్పుడు ఇది బాగుంటుంది. కానీ గోంగూర మీద, తోటకూర మీద, కొత్తిమీర మీద పచ్చి గుడ్డు నీళ్ళు కొట్టి రేపు పప్పులో వేసుకుంటారా? కొట్లో కొన్నవీ అంతే, చాలావాటి మీద తినే పంటలకి వాడొద్దనే రాసి ఉంటుంది, కొనేముందు లేబుల్ చదవండి. అందుకే స్ప్రే సలహా మన తోటకి సరిపడదని చెప్పేది. వాళ్ళ హోస్టా ఆకు పులుసులోకి రాదు కదా.

కదలిక పసిగట్టి నీళ్ళు చిమ్మే స్ప్రింక్లర్ ఒకటుంది, అది వీటన్నిటికంటే మెరుగు. రాత్రి పదకొండుకి బుస్సుమని నీళ్ళు కొడితే గంతేసి పోతాయి. కానీ రెండు మూడు రోజులకోసారి దాని చోటు మార్చాలి, లేకపోతే అది ఎంత దూరం కొడుతుందో అంచనా వేసుకుని అవతల నిలబడి తింటాయి. నేను కిటికీలోంచి చూశాను, అబద్ధం కాదు. కంచె కట్టేదాకా ఓ రెండు వారాలు కాపలాకి పనికొస్తుంది, అంతవరకే. మా వారు ఒకరోజు దాని సంగతి మర్చిపోయి పొద్దున్నే పువ్వులు కోయడానికి వెళ్ళారు, అది వేరే కథ.

ఇక అసలు విషయం, కంచె. ఈ జింక నిలబడ్డ చోట నుంచే ఏడు, ఎనిమిది అడుగులు ఎగరగలదు. అందుకే అందరూ ఎనిమిది అడుగులు అంటారు, ఎకరం పొలానికి అది నిజం. కానీ ఎగరడం వేరు, ఎగరాలనుకోవడం వేరు. అవతల దిగడానికి ఖాళీ చోటు కనపడాలి, దిగాక మళ్ళీ బయటికి ఎగరడానికి పరుగు తీసే జాగా ఉండాలి. పది అడుగుల వెడల్పు, పన్నెండు అడుగుల పొడవు ఉన్న మడి, లోపల రెండు ఎత్తు మడులు, మధ్యలో టమాటా కర్రలు, ఒక పందిరి, ఇలా కిక్కిరిసి ఉంటే అందులోకి ఎగరడానికి వాటికి ధైర్యం చాలదు. బోనులో పడ్డట్టే వాటికి. కాబట్టి చిన్న మడికి ఆరడుగులు సరిపోతుంది, నాకు పదేళ్ళుగా సరిపోయింది. పదిహేను, పదిహేను అడుగులు దాటకుండా చూసుకోండి, ఇంకా చోటు కావాలంటే ఒకటే పెద్దది కాకుండా రెండు చిన్నవి కట్టుకోండి.

కట్టే విధానం చెప్తా. ఇనప టీ-పోస్టులు ఎనిమిది అడుగులవి తీసుకోండి, రెండడుగులు భూమిలోకి దింపితే పైన ఆరడుగులు ఉంటుంది, రూల్ రూల్‌గానే ఉంటుంది. దింపడానికి పోస్ట్ డ్రైవర్ అని బరువైన గొట్టం ఉంటుంది, పక్కింటివాళ్ళ దగ్గర ఉంటే అడిగి తెచ్చుకోండి, సుత్తితో కొడితే చేతులు పోతాయి. అసలు తవ్వేముందు 811కి ఫోన్ చేయండి, భూమిలో గ్యాస్, కరెంటు, కేబుల్ లైన్లు ఎక్కడున్నాయో ఉచితంగా వచ్చి గుర్తులు పెట్టి వెళ్తారు. నాలుగు మూలల్లో నాలుగు, ప్రతి పక్కన మధ్యలో ఒకటి, తలుపు దగ్గర ఇంకొకటి, మొత్తం తొమ్మిది పోస్టులు చాలు. దానికి నల్లటి ప్లాస్టిక్ డీర్ మెష్ అనే వల, ఏడున్నర అడుగుల వెడల్పు రోల్. ఆరడుగుల కంచెకి ఏడున్నర ఎందుకంటే, మిగిలిన అడుగున్నరని కింద బయటివైపుకి మడిచి నేలమీద పరిచి ల్యాండ్‌స్కేప్ మేకులతో అడుగుకొకటి కొట్టేయాలి. ఇది చాలామంది వదిలేస్తారు. జింక ఎగరడానికంటే ముందు ముక్కుతో కింద సందు వెతుకుతుంది, కంచె అంచు వదులుగా ఉంటే తల దూర్చి పాక్కుంటూ లోపలికి వచ్చేస్తుంది. అంచు బయటికి పరిచి ఉంటే అది తన కాళ్ళ కింద తానే తొక్కుకుని నిలబడుతుంది, ఎత్తలేదు.

ప్లాస్టిక్ వలని కుందేళ్ళు కొరికేస్తాయి కాబట్టి కింద రెండడుగుల ఎత్తు వరకు కోళ్ళ గూడుకి కట్టే ఇనప వల ఒకటి అదనంగా చుట్టండి, దాన్ని కూడా కింద కొంచెం బయటికి వంచండి. వలని పోస్టులకి కట్టడానికి జిప్ టైలు (ప్లాస్టిక్ కట్లు) నల్లవి కొనండి, తెల్లవి ఎండకి ఒక్క ఏడాదిలో పెళుసెక్కి తెగుతాయి. కంచె కట్టిన కొత్తలో నాలుగడుగుల ఎత్తులో తెల్లగుడ్డ పేలికలు అక్కడక్కడా కట్టండి, లేకపోతే నల్ల వల చీకట్లో కనపడక పరిగెత్తుకొచ్చి గుద్దుకుని చించేస్తాయి. ఎర్రవి, నారింజవి కట్టొద్దు, జింక కంటికి ఆ రంగులు సరిగ్గా తెలియవు, ఇక్కడి వేటగాళ్ళు నారింజ రంగు జాకెట్లు ధైర్యంగా వేసుకునేది అందుకే. వల మిగిలితే నేలమీద వదులుగా పడేయకండి, పాములు ఇరుక్కుని చస్తాయి, వాటిని విడిపించే పని మీకు వద్దు.

తలుపు దగ్గరే అందరి కంచె ఓడిపోతుంది. నేను మొదట వలనే ఒకదానిమీద ఒకటి వేసి కొక్కేలు తగిలించాను, చేతిలో గోంగూర బుట్ట పెట్టుకుని కొక్కేలు పెట్టడానికి బద్ధకించి ఒక రాత్రి రెండే పెట్టాను. పొద్దున్నకి తోటకూర మడి గుండు గీసినట్టు ఉంది. తర్వాత చెక్క ఫ్రేముకి వల కొట్టి, స్ప్రింగు పెట్టి దానంతటదే మూసుకునే తలుపు చేయించుకున్నాను. అంతా కలిపి నాకు రెండొందల డాలర్ల లోపే అయింది, అప్పటి ధరల్లో.

పైకప్పు సంగతి మన వాళ్ళకి చెప్పక్కర్లేదు, పందిరే పైకప్పు. పశువుల దొడ్లకి వాడే క్యాటిల్ ప్యానెల్ పదహారడుగులది ఒకటి తెచ్చి లోపల విల్లులా వంచి రెండు పక్కలా పోస్టులకి కట్టేస్తే మనిషి వంగకుండా నడిచేంత కమాను వస్తుంది. దానిమీద సొర, కాకర, బీర పాకించండి. జూలై వచ్చేసరికి పైన ఆకులు కమ్మేస్తాయి, అప్పుడు ఏ జింకకీ లోపల దిగడానికి చోటు కనపడదు. ఇంకా భయమైతే పోస్టుల పైన అటూ ఇటూ నాలుగు పురికొసలు లాగండి. డీర్ మెష్ సందులు పెద్దవి కాబట్టి తేనెటీగలు హాయిగా వస్తాయి. సొర పువ్వు ఎలాగూ సాయంత్రం విచ్చుకుంటుంది, పిందెలు రాలిపోతుంటే చీకటి పడే వేళ మగపువ్వు తుంచి ఆడపువ్వుకి మీరే రాయండి, అది జింకల తప్పు కాదు.

హెచ్‌ఓఏ గురించి ఒక మాట. వాళ్ళ కాగితాల్లో కంచె అంటే సాధారణంగా స్థలం హద్దు మీద వేసే కంచె. మీరు దరఖాస్తులో కూరగాయల మడి చుట్టూ నల్ల వల అని, కొలతలు, ఇంటి వెనక ఎక్కడ వస్తుందో చిన్న బొమ్మ గీసి అడగండి. ముప్పై అడుగుల దూరం నుంచి నల్ల వల కనపడదు, ఆ ముక్క కూడా రాయండి. జవాబు ఈమెయిల్లోనే తీసుకోండి. నోటి మాట మీద కట్టి తర్వాత పీకించిన వాళ్ళని చూశాను. టౌన్‌షిప్, అంటే ఇక్కడి స్థానిక ప్రభుత్వం, రూల్ వేరుగా ఉంటుంది, అదీ ఒకసారి చూసుకోవాలి.

నాకు ఈ జ్ఞానం హెచ్‌ఓఏ నుంచి ఉత్తరం అందాకే వచ్చింది లెండి. ఒక వేసవిలో నాన్న ఆరు నెలలకి వచ్చారు. మాది మక్తల్ వైపు, కృష్ణ ఒడ్డు. అక్కడ కృష్ణ జింకలు మందలు మందలుగా కంది చేలో, జొన్న చేలో పడతాయి, చట్టం ప్రకారం వాటిమీద చెయ్యి వేయకూడదు, రైతు అరుచుకుంటూ తిరగాల్సిందే. ఆయనకి ఇక్కడి జింకని చూపిస్తే, ఇది మన జింక కాదమ్మా, దుప్పి జాతి అన్నారు. నిజమే, కృష్ణ జింకకి కొమ్ములు జీవితాంతం అవే ఉంటాయి, వీటికి మన దుప్పికి లాగే ఏటేటా రాలి మళ్ళీ మొలుస్తాయి. మర్నాడు పొద్దున లేచి చూస్తే పెరట్లో నా పాత చీరలు ఆరు, కర్రలకి కట్టి మడి చుట్టూ రెపరెపలాడుతున్నాయి. ఊళ్ళో అడవి పందులకి కట్టినట్టు కట్టేశారు. నాకు తల తిరిగింది, అందులో ఒకటి మంచి గద్వాల చీర. కానీ విచిత్రం ఏమిటంటే ఆ నాలుగు రాత్రులూ ఒక్క ఆకు పోలేదు. అయిదో రోజు హెచ్‌ఓఏ నుంచి ఉత్తరం వచ్చింది, పెరట్లో బట్టలు ఆరేయడం నిషిద్ధం అని. నాన్నకి చదివి వినిపిస్తే బట్టలు కాదు దడి అని జవాబు రాయమన్నారు.

ఆ చీరలు ఎందుకు పనిచేశాయో తర్వాత అర్థమైంది. జింక అవతల ఏముందో కనపడని గోడ మీదుగా దూకదు, అవతల ఏం కాచుకుని ఉందో అని భయం. కాబట్టి మీ హెచ్‌ఓఏ చెక్క కంచె ఆరడుగులది సందుల్లేకుండా వేసుకోనిస్తే, వల కంటే అది ఒక మెట్టు పైనే. ఖర్చు మాత్రం ఎక్కడికో పోతుంది.

పెద్ద స్థలం ఉన్నవాళ్ళు నాలుగడుగుల కంచెలు రెండు, మధ్యలో నాలుగైదు అడుగుల దూరం వదిలి వేస్తారు. ఎత్తు ఎగరగలదు, పొడుగు ఎగరగలదు, రెండూ ఒకేసారి కష్టం, పైగా మధ్యలో దిగితే ఇరుక్కుంటానని తెలుసు. కరెంటు తీగకి వేరుశనగ వెన్న రాసి నాకించి బుద్ధి చెప్పే పద్ధతి కూడా ఉంది, పొలాల్లో బాగానే పనిచేస్తుంది, పిల్లలున్న సబ్‌డివిజన్ ఇంట్లో మాత్రం దాని జోలికి పోకండి. ఈ వారాంతానికే ఏదో ఒకటి కావాలంటే, మోకాలి ఎత్తున ఒకటి, నడుము ఎత్తున ఒకటి గట్టి ఫిషింగ్ లైన్ కర్రలకి చుట్టేయండి. కనపడనిది కాళ్ళకి తగిలితే బెదిరి వెనక్కి పోతాయి. ఇది కొన్నాళ్ళ ముచ్చటే, కానీ రాత్రిపూట అటువైపు వెళ్ళే మనుషులకి చెప్పి ఉంచండి.

ఏది కట్టినా త్వరగా కట్టండి. జింక దారి అలవాటు చేసుకుంటుంది, ఒకసారి రుచి మరిగిన పెరటికి రోజూ అదే వేళకి వస్తుంది, వెంట పిల్లల్ని కూడా తెస్తుంది. వచ్చే ఏడాది ఏప్రిల్లోనే, నారు బయట పెట్టకముందే కంచె సిద్ధంగా ఉండాలి.

కంచె బయట ఏం వేయాలంటే, రట్గర్స్ యూనివర్సిటీ వ్యవసాయ విభాగం వాళ్ళు మొక్కల్ని జింకలు ఎంత పాడుచేస్తాయన్న దాన్ని బట్టి నాలుగు రకాలుగా విడదీసి జాబితా ఇచ్చారు, న్యూజెర్సీవాళ్ళకి అంతకంటే పనికొచ్చే కాగితం లేదు. డాఫోడిల్స్, లావెండర్, బాక్స్‌వుడ్ దాదాపు ముట్టవు. ట్యూలిప్, హోస్టా పెట్టారంటే వడ్డించినట్టే. మనవాటిలో పుదీనా, తులసి, ఉల్లి, వెల్లుల్లి, రోజ్‌మేరీ బయట ధైర్యంగా పెట్టొచ్చు, ఘాటు వాసన వాటికి గిట్టదు. అంజూరం ఆకు పాలు కారుతుంది కాబట్టి పెద్దగా జోలికి రావు. బంతి ఆకుని వదిలేస్తాయి కానీ ఆకలి మీదుంటే పువ్వు తుంచుతాయి. చామంతి, గులాబీ, మందారం దేవుడికి దక్కాలంటే లోపల పెట్టండి లేదా డెక్ మీద కుండీల్లో పెట్టండి. గులాబీకి ముళ్ళున్నాయిగా అనుకోకండి, ముల్లు పక్కకి జరిపి మొగ్గ ఒక్కటే కోసుకుపోయినంత నేర్పుగా తింటాయి. అయితే ముట్టవు అన్న మాట కూడా మంచు పడి ఆకలి ముదిరినప్పుడు చెల్లదు.

పండ్ల మొక్కలు పెట్టి ఉంటే ఇంకో సంగతి. సెప్టెంబర్ నుంచి మగ జింకలు కొమ్ముల మీద పొర గీకడానికీ, తమ వాసన వదలడానికీ లేత చెట్ల కాండానికి కొమ్ములు రాస్తాయి. ఒక్క రాత్రిలో బెరడు చుట్టూ ఒలిచేస్తే చెట్టు పోయినట్టే. నా రెండేళ్ళ పెర్సిమన్ మొక్క అలాగే పోయింది. ఆగస్టు చివరికల్లా అయిదడుగుల ఇనప వలని గుండ్రంగా చుట్టి నిలబెట్టేయండి, కాండానికి తగలకుండా.

పిడుదుల (ఇక్కడ టిక్స్ అంటారు) గురించి చెప్పకుండా వదలను, ఎందుకంటే మనవాళ్ళు దీన్ని పట్టించుకోరు. జింకలు తిరిగే చోట నల్లకాళ్ళ పిడుదులు ఉంటాయి, లైమ్ జబ్బు వాటివల్లే వస్తుంది. ఆ జబ్బుకి పేరు దగ్గర్లో ఉన్న కనెక్టికట్ రాష్ట్రంలోని లైమ్ అనే ఊరి నుంచి వచ్చింది. జబ్బు క్రిమిని పిడుదుకి అంటించేది ఎక్కువగా ఎలకలు, పెద్ద పిడుదుల్ని మోసుకు తిరిగేది జింకలు. మే నుంచి జూలై దాకా గసగసాలంత ఉంటాయి, కంటికి ఆనవు. తోటలోంచి రాగానే స్నానం చేసి మోకాలి వెనక, చంకల్లో, పిల్లలకి జుట్టులో, చెవుల వెనక వెతకండి. సాధారణంగా ఒక రోజు పైగా అంటుకుని ఉంటేనే జబ్బు ఎక్కుతుంది కాబట్టి అదే రోజు పీకేస్తే చాలావరకు భయం లేదు, సన్నటి పట్టకారుతో చర్మానికి ఆనించి పట్టి నిటారుగా లాగాలి. కిరోసిన్, నూనె, అగ్గిపుల్ల వైద్యాలు వద్దు. చర్మం మీద ఎర్రటి వలయం పెరుగుతున్నా, వేసవిలో ఊరికే జ్వరం వచ్చినా డాక్టరుకి పిడుదు సంగతి చెప్పండి.

పెంటికలు పడ్డ మడిలో ఆకుకూర పచ్చిగా తినకండి. 2011లో ఒరెగాన్‌లో స్ట్రాబెర్రీలు తిని జనం ఈ-కోలై (కడుపు పాడుచేసే క్రిమి) పాలైతే చివరికి తోటలోని జింక పెంటికల దగ్గర తేలింది. గోంగూర ఉడుకుతుంది కాబట్టి పర్వాలేదు, కొత్తిమీర, పుదీనా పచ్చడికి కోసేటప్పుడు పెంటిక తగిలిన ఆకుని కడిగి వాడుకుందాం అనుకోవద్దు, పారేయండి.

ఇది జూన్ కాబట్టి, పెరట్లో గడ్డిలో చుక్కల పిల్ల ఒకటి కదలకుండా ముడుచుకుని పడుకుని కనిపిస్తే తల్లి వదిలేసిందని జాలిపడి లోపలికి తీసుకురాకండి. తల్లి మేతకి పోయి గంటల తరబడి రాదు, పిల్లని అలా దాచిపెట్టే పోతుంది. నాన్న ఉన్నప్పుడు మా బీర పందిరి పక్కనే ఒకటి పడుకుంది. అంతవరకు జింకల్ని శాపనార్థాలు పెట్టిన మనిషి ఆ పూట మమ్మల్నెవర్నీ పెరట్లోకి పోనివ్వలేదు, టీవీ సౌండ్ కూడా తగ్గించమన్నారు.

మీ చివరి ప్రశ్న, పీకేయాలా అని. గోంగూర మోళ్ళు పీకొద్దు. కాండం మీద రెండు మూడు ఆకు కణుపులు మిగిలి ఉంటే పదిహేను రోజుల్లో పక్క కొమ్మలు వేస్తుంది, నిజానికి మనమే తల తుంచుతాం కదా గుబురుగా రావాలని. బెండ కూడా చాలావరకు తేరుకుంటుంది. టమాటా మొదలు పచ్చగా ఉంటే చంక చిగురు వస్తుంది, చూసి ఉంచుకోండి. చిక్కుడు మాత్రం నేల దాకా కొరికేసి ఉంటే రాదు, త్వరగా మళ్ళీ గింజలు పెట్టండి. మన పాత రకం చిక్కుడు పొద్దు తగ్గితేగానీ పూయదు, ఇక్కడ సెప్టెంబర్ అయిపోతుంది, అక్టోబర్లో మంచు పడితే కాయ ముదరదు. అందుకని పొద్దుతో పని లేని పొట్టి రకం దొరికితే అది వేయండి. కంచె కట్టాకే వేయండి.